రేవులో తూకం

పుట్టికి రోజుకు ఒక గంప చేపలకు మించి పట్టకూడదన్న కట్టుబాటును మొలగదిన్నెలో పెట్టించింది భీమక్క. దాన్ని అందరి కళ్ల ముందు తెంచింది కూడా ఆమే. ఆ పొద్దున రేవులో ఉన్నవాళ్లు ఆమెకు ఏమైందోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొలగదిన్నె నుంచి కోడుమూరుకు ఆటోలో పోవచ్చు. ఎర్రవాగుకు అడ్డంగా డ్యాము కట్టినప్పుడు ఊరి పొలాల్లో సగం నీళ్లలో మునిగాయి. మిగిలిన సగం వాన పడితే పండుతుంది, లేకపోతే లేదు. బెస్తవాళ్లు మాత్రం ఆ డ్యాము నీళ్ల మీదే బతుకుతున్నారు. భీమక్క భర్త ఉన్నన్నాళ్లు ఆయన వల వేస్తే ఈమె గుండ్రటి తట్టలాంటి పుట్టిని తెడ్డుతో నడిపేది. పాము కరిచి ఆయన పోయాక వల కూడా ఈమె చేతికే వచ్చింది. బెస్తవాళ్ల సొసైటీలో ఆయన సభ్యత్వాన్ని పట్టుబట్టి తన పేరుకు మార్పించుకుంది. కొడుకు హనుమేష్ కొన్నాళ్లు తల్లితో పాటు నీళ్ల మీదకు వచ్చాడు. చేప రానురాను తగ్గిపోవడంతో విసిగి, తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పనికి పోయాడు. అప్పటినుంచి పుట్టిలో రెండో తెడ్డు కోడలు అంజలి వేస్తోంది.

భీమక్క కాపురానికి వచ్చిన కొత్తలో మోచేతి పొడుగు రవ్వ చేపలు పుట్టిలో ఎగిరెగిరి పడేవి. ఇప్పుడు వలలో పడేవి అరచేతిని దాటడం లేదు. చేపను కోస్తే కడుపులో గుడ్లు కనబడటం అరుదైపోయింది. గుడ్లు పెట్టే వయసు రాకముందే అన్నీ గంపకెక్కుతున్నాయి.

ఆ గంపలన్నీ కొనేది కర్నూలు నుంచి లారీతో వచ్చే రాజశేఖర్. భూములున్న కుటుంబం వాళ్లది. సేద్యం వదిలి వ్యాపారంలోకి దిగి, మంచు ఫ్యాక్టరీ పెట్టి, చుట్టుపక్కల నీళ్లున్న ప్రతి చోటా చేప కొనేవాడు. పెద్ద చేపలు సంతలకు పోయేవి. చిన్నవి ఎండి కోళ్ల దాణాలోకి పోయేవి. మొలగదిన్నెలో చాలామంది వలలు ఆయన ఇచ్చినవే. వల ఆయనది కాబట్టి చేప ఇంకొకరికి వేయకూడదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కానీ అందరూ అట్లాగే నడుచుకునేవాళ్లు.

మత్స్యశాఖ ఆఫీసరు శివజ్యోతి ఒకసారి సొసైటీ షెడ్డులో మీటింగు పెట్టింది. వాగు పారే నెలల్లో చేప ఎదురెక్కి పోయి గుడ్లు పెడుతుందని, ఆ నెలల్లో వల వేయకుండా ఉంటే, ఒక్కసారైనా గుడ్లు పెట్టనిచ్చి ఆ తర్వాత పడితే డ్యాము మళ్లీ కోలుకుంటుందని చెప్పింది. మొగవాళ్లు తలలు ఊపి బీడీలు వెలిగించుకున్నారు. ఆమె జీపు ఎక్కి వెళ్లిపోతే ఆ మాట అక్కడితో అయిపోయేదే. భీమక్క లేచి నిలబడింది.

"మేడం చెప్పిన నెలలు వల ఎత్తిపెడదాం. దాంతోనే కాదు. మిగిలిన నెలల్లో కూడా పుట్టికి ఒక గంప. అందరివీ ఒకే కొలత గంపలు. రెండు వేళ్లు దూరని వల నీళ్లలో దించకూడదు. తప్పినోళ్ల వల నెల దినాలు ఈ షెడ్డు గోడకు ఏలాడల్ల," అంది.

వయసు మీద పడిన ఓబులేసు కూర్చున్న చోటినుంచే అడిగాడు. "ఇప్పుడు ఎవురికి గంప నిండుతాండాదని, భీమక్కా? నిండనిదానికి కట్టుబాటు యాలమ్మా?"

"నిండిన పొద్దు ఆగేకి, మామా. ఆ పొద్దు మనం ఆగం. ఉన్నదంతా ఊడ్చుకొస్తాం. నేనూ అంతే, నువ్వూ అంతే."

సొసైటీ ప్రెసిడెంటు కంబన్న భీమక్కకు సొంత మరిది. అతను రాజశేఖర్ వైపు చూశాడు. రాజశేఖర్ ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. "అక్క మంచి మాట చెప్పింది. పెద్ద చేపకే రేటు ఉండాది. నాకేం అడ్డం లేదు," అన్నాడు. ఆయనకు అడ్డం లేదన్నాక ఇంకెవరికీ అడ్డం లేకపోయింది. చేతులు లేచాయి.

మొదట్లో అందరూ తిట్టుకుంటూనే పాటించారు. కోడుమూరులో మేదరివాళ్లతో ఒకే కొలతలో గంపలు అల్లించారు. పొద్దున్నే రేవుకు వచ్చిన ప్రతి గంపను కంబన్న చూసి, సన్న వల ఉన్నదేమో తడిమి పంపేవాడు. వాగు పారిన నెలల్లో నిజంగానే వలలు ఇళ్ల చూరుల కింద ఎండాయి. ఆ కాలం గడవడానికి మొగవాళ్లు కొందరు కర్నూలులో మేస్త్రీల కింద కూలికి పోయారు. అందరూ ఒకే తీరుగా కష్టపడుతున్నారు కాబట్టి ఎవరూ పెద్దగా గొణగలేదు.

వలలు మళ్లీ దింపిన కొన్నాళ్లకు డ్యాములోకి లాంచీ వచ్చింది. రాజశేఖర్ తెప్పించినది. అవతలి గట్టున ఉన్న ఊళ్ల నుంచి చేప తెచ్చుకోవడానికి, మంచు మోయడానికి అని చెప్పాడు. మోటారు చప్పుడుకు చేపలు బెదురుతున్నాయని పుట్టివాళ్లు అనుకున్నారే గానీ అడగలేదు.

ఒకరోజు గాలికి కొట్టుకుపోయిన వల వెదుకుతూ భీమక్క, అంజలి వాగు డ్యాములో కలిసే మొగ దాకా పోయారు. అంత దూరం పుట్టివాళ్లు మామూలుగా పోరు. తుమ్మచెట్ల వెనక లాంచీ ఆగి ఉంది. ఊరుగాని ఊరి మనుషులు గట్టు మీద రెండు పక్కలా నిలబడి అలివి వల లాగుతున్నారు. నీటి అడుగు దాకా పరుచుకుని, ఎదురుగా ఉన్న జీవాన్నంతా ఊడ్చి తెచ్చే వల అది. భీమక్క పుట్టిని గట్టుకు ఆనించి, ఆ వల అంచును చేతిలోకి తీసుకుంది. వల కంటిలోకి చిటికెన వేలి గోరు కూడా పోలేదు.

గట్టు మీద టార్పాలిన్ పరిచి, పట్టినది కుప్ప పోశారు. అన్నీ వేలెడంత పిల్లలు. ఇంకా నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వాగు పారిన నెలల్లో ఊరంతా పస్తులతో కాపాడినవి అవే.

"అక్కా, పుట్టి పక్కకు తియ్యి. వల చిక్కుకుంటాది," అన్నాడు లాంచీలోని మనిషి. మర్యాదగానే అన్నాడు.

తిరిగి వస్తున్నంతసేపు భీమక్క తెడ్డు ముట్టలేదు. పుట్టి నడపడమంతా అంజలి మీదే పడింది. రేవు చేరాక నేరుగా కంబన్న ఇంటికి పోయింది. కంబన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మొగ కాడ అలివి వల ఏస్తాండారు, కంబన్నా. రాజశేఖరప్ప మనుషులు."

కంబన్నకు అది కొత్త సంగతి కాదని అతను గ్లాసు కింద పెట్టిన తీరులోనే ఆమెకు తెలిసిపోయింది.

"ఆయప్ప మన సొసైటీలో సభ్యుడు కాదు గదా వదినా. కట్టుబాటు సభ్యులకు."

"డ్యాములో నీళ్లు సభ్యులకు యేరే, ఆయప్పకు యేరే ఉండాయా?"

"గట్టిగా మాట్లాడొద్దు. నా కొడుకు ఆయప్ప ఫ్యాక్టరీలో పని చేస్తాండాడు. ఊర్లో వలలన్నీ ఆయప్ప ఇచ్చినవే. రేపు లారీ రాకుంటే చేప యాడ అమ్ముతావు?"

"అంటే మేము కడుపు కట్టుకుని పెంచల్ల, ఆయప్ప వచ్చి ఊడ్చుకోని పోవల్ల. అంతేనా నువ్వు చెప్పేది?"

లోపలి నుంచి అతని భార్య వచ్చి, అక్కా టీ తాగుతావా అని అడిగింది. భీమక్క వద్దని లేచి వచ్చేసింది.

శివజ్యోతికి ఫోను చేస్తే ఆమె వచ్చింది కూడా. కానీ ఆమె జీపు కోడుమూరు దాటేసరికే ఎవరో చెప్పినట్టున్నారు, మొగ దగ్గర లాంచీ లేదు, వల లేదు. తొక్కిన బురద మాత్రం ఉంది. శివజ్యోతి ఆ బురదను ఫోటోలు తీసుకుని, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. "నా కింద ఇన్ని మండలాలు ఉన్నాయి భీమక్కా. రోజూ వచ్చి కాపలా కాయలేను. మీ సొసైటీ తీర్మానం చేసి, ఆ వలను పట్టుకుని అప్పగిస్తే నేను కేసు పెడతాను. ఆ మాట మీద నిలబడతాను. తీర్మానం లేకపోతే నేను ఒక్కదాన్నే," అంది.

తీర్మానం పెట్టమని భీమక్క మళ్లీ అడిగింది. కంబన్న ఈ వారం అన్నాడు, పండగ కానీ అన్నాడు. లాంచీ మాత్రం మళ్లీ తిరగసాగింది.

రెండు గంపల పొద్దు వచ్చింది అప్పుడే. ఆ రోజు చేప బాగా పడింది. గంప నిండగానే అంజలి వల చుట్టబోతే భీమక్క ఆపింది.

"ఇంకో గంప పడదాం."

"అత్తా, కట్టుబాటు?"

"తప్పుదాం. రేవులో అందరి ముందర తప్పుదాం. నన్ను శిక్షించకుంటే కట్టుబాటే లేదని తేలిపోతాది. శిక్షిస్తే, రేపు లాంచీని వదిలేకి వాళ్ల కాడ మాట ఉండదు."

అంజలికి అర్థమైంది. "నెల దినాలు ఏం తింటాం?"

"ఉల్లిగడ్డలు పీకేకి పోదాం. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, ఇంటికి పోదాం."

అంజలి రెండో గంపను ముందుకు జరిపింది.

రేవులో కంబన్న ఆ రెండు గంపలను చూసి, ముందు నవ్వబోయాడు. భీమక్క మొహం చూసి ఆగాడు. "ఓబులేసు మామది కూడా మోసుకొచ్చినట్టుండావే వదినా," అన్నాడు.

"రెండూ నావే."

"సర్లే, పొరపాటు పడింటావు. ఒకటి అట్ల పెట్టు, చూడనట్టు ఉంటా."

"నువ్వు చూసినావు. వీళ్లంతా చూసినారు. నేను కట్టుబాటు తప్పినా. నా వల యాడ ఏలాడల్లనో చెప్పు."

పుట్టిలు కడుగుతున్నవాళ్లు చేతులు ఆపేశారు. కంబన్న మెల్లగా, "యాల ఇట్ల చేస్తాండావు? నా మానం తీసేకా?" అన్నాడు.

"నీ మానం కాదప్పా. తీర్పు చెప్పమంటాండా."

తీర్పు చెప్పింది ఓబులేసు. "తప్పు తప్పే. వల షెడ్డుకు పొయ్యల్ల," అన్నాడు. అతని గొంతులో కోపం కూడా ఉంది. కట్టుబాటు పెట్టి తన ఇంట్లో కూర తగ్గించిన మనిషి తనే దాన్ని తప్పడం అతనికి నచ్చలేదు. భీమక్క తన వలను తానే మోసుకుపోయి, షెడ్డు గోడకున్న మేకులకు తగిలించింది. రెండో గంపను ఊరి హాస్టలు పిల్లలకు పంపించింది.

ఆ నెల అత్తాకోడళ్లు ఉల్లి చేలల్లో పనికి పోయారు. నీళ్ల మీద వంగడానికి అలవాటైన నడుము ఎర్రమట్టి మీద వంగితే వేరే తీరుగా నొప్పెట్టింది. చేలో ఆడవాళ్లు, "ఏం భీమక్కా, గంప శానా బరువైందంట," అని నవ్వేవాళ్లు. హనుమేష్ తుమ్మలపల్లె నుంచి ఫోను చేసి కసిరాడు. "ఊరందరి ముందర దొంగ అనిపించుకునేది యేం గొప్పమ్మా? నేను ఈడ అందరికీ ఏమని చెప్పల్ల?"

"మా అమ్మ తప్పు చేసి శిక్ష పడిందని చెప్పు. శిక్ష పడనోళ్లు ఎవురో కూడా చెప్పు," అని ఆమె ఫోను అంజలికి ఇచ్చేసింది. ఆ రాత్రి మాత్రం అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. కొడుకు మాట ఊరి నవ్వుకన్నా ఎక్కువ నొప్పించింది.

వల గోడ మీదే ఉంది. షెడ్డు ముందు నుంచి పోకుండా రేవుకు దారి లేదు. పోయే ప్రతివాడూ దాన్ని చూసేవాడు. వల కింద నుంచే లాంచీ మనుషులు మంచు పెట్టెలు మోసుకుపోయేవాళ్లు. ఒకనాడు టీ అంగడి దగ్గర ఓబులేసు, ఎవరితో అంటున్నాడో తనకే తెలియనట్టు, "ఒక గంపకు ఒక వల ఏలాడుతాండాదే, మరి ఆ లాంచీకి ఏం ఏలాడల్ల?" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. భీమక్క చెప్పి ఉంటే ఆమె పంతం కొద్దీ అంటోంది అనేవాళ్లు. చెప్పింది ఆమెను శిక్షించిన మనిషి.

నెల ముగిసిన రోజు భీమక్క తన వల కోసం షెడ్డుకు పోలేదు. రేవుకు పోయింది. మొగ వైపు నుంచి లాంచీ వచ్చి ఆగింది. పెట్టెలు లారీకి ఎక్కాయి. లారీ కదలబోయేసరికి భీమక్క తన పుట్టిని నీళ్లలోంచి ఒడ్డుకు దొర్లించుకుంటూ వచ్చి, చక్రాల ముందు బోర్లించి, దాని మీద కూర్చుంది.

డ్రైవరు హారను కొట్టాడు. తర్వాత కిందికి దిగి, "మంచు కరుగుతాది పెద్దమ్మా, లెయ్యి," అన్నాడు.

"తూకం ఏసి పోండి, నాయనా. ఈ రేవులో ప్రతి పుట్టి గంప చూపించి పోతాది. మీరు కూడా చూపించి పోండి."

రాజశేఖర్ లాంచీలోంచి దిగి వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. కోపం మొహంలోకి రానీయకుండా మాట్లాడే అలవాటు ఆయనది.

"ఏమక్కా, నీకు నేను ఏం తక్కువ చేసినా? వలలు ఇచ్చింటి. కష్టమంటే దుడ్లు ఇచ్చింటి. ఈ ఊరికి లారీ తెచ్చింది నేను."

"ఇచ్చినావు. కాదనలే. పెట్టెలు దించు."

"నేను సభ్యుణ్ని కాదు. నీ గంప లెక్క నాకు చెల్లదు. కంబన్నను అడుగు."

"కంబన్నను అడిగి అడిగి అలిసిపోయినా. ఇప్పుడు నిన్ను అడుగుతాండా. సభ్యుడివి కాకుంటే మా డ్యాములో వల ఎట్ల దించినావు?"

సభ్యుడినని అంటే గంప కట్టుబాటు వర్తిస్తుంది. కాదంటే నీళ్లలోకి దిగే హక్కే లేదు. ఈసారి ఆయన ఆ రెండూ అనకుండా, "నువ్వు ఒక్కదానివి కూచుంటే ఆగే లారీ కాదమ్మా ఇది. పక్క దారిలో పోతాం," అన్నాడు.

పక్క దారి అంటే రేవు వాలు. అంజలి అప్పటికే రేవులో ఉన్న ఇంకో పుట్టిని ఆ వాలుకు అడ్డంగా లాగుతోంది. ఒక్కతే లాగలేక ఆగినప్పుడు ఓబులేసు వచ్చి అవతలి అంచు పట్టుకున్నాడు. దాన్ని దించి, వెనక్కి పోయి తన పుట్టిని కూడా తెచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒకరి వెనక ఒకరు, మొగవాళ్లు, ఆడవాళ్లు, తారు పూసిన నల్లటి పుట్టిలను వీపుల మీద మోసుకొచ్చి దారి పొడుగునా బోర్లించారు. కొందరు రాలేదు. ఇళ్ల గుమ్మాల్లో నిలబడి చూశారు. రాజశేఖర్ వాళ్ల పేర్లు పెట్టి పిలిచి, ఇవతలికి రమ్మన్నాడు. వాళ్లు అటూ రాలేదు, ఇటూ రాలేదు.

పెట్టెల అడుగు నుంచి మంచు నీళ్లు కారడం మొదలైంది. కంబన్న వచ్చింది అప్పుడు. తువ్వాలు భుజం మీద వేసుకుని, గుంపు మధ్యకు వచ్చి నిలబడి, వదిననూ చూడకుండా రాజశేఖర్‌నూ చూడకుండా నేలకేసి చూశాడు.

"కంబన్నా, నువ్వు వీళ్లకు చెప్తావా, నేను చెప్పాల్నా? రేపటినుంచి ఈ ఊరికి లారీ రాదు. నా వలలు నాకు ఇచ్చేయల్ల. నీ కొడుకు సంగతి కూడా ఆలోచన చెయ్యి," అన్నాడు రాజశేఖర్.

చివరి మాట అనకుండా ఉండవలసింది. అది విన్నాక కంబన్న తల ఎత్తాడు. ఇంతమందిలో తన కొడుకు పేరుతో తనను బెదిరించడం అతనికి సహించలేదు. భీమక్క అతని మొహం చూసి, నెమ్మదిగా, "నువ్వు దించుతావా, నేను దించల్నా?" అంది.

కంబన్న లారీ ఎక్కాడు. మొదటి పెట్టె మోసుకొచ్చి టార్పాలిన్ మీద కుమ్మరించాడు. వేలెడు చేపలు, మంచు ముక్కలు కలిసి జారాయి. రెండో పెట్టెలో పైన మూడు పెద్ద బొచ్చె చేపలు పేర్చి ఉన్నాయి, వాటి కింద అన్నీ పిల్లలే. సొసైటీ కాటా తెచ్చి వేలాడదీశారు. గంపకు గంప తూచి పక్కన పోస్తుంటే, కుప్ప ఊరి గంపలన్నీ కలిపినా సరిపోనంత అయింది. ఒక ముసలామె దగ్గరికి వచ్చి, చేతిలోకి గుప్పెడు తీసుకుని చూసి, "ఇవి వచ్చే యేడు కూర గదప్పా," అంది. రాజశేఖర్ ఫోను తీసి దూరంగా పోయి మాట్లాడుకుంటున్నాడు.

కంబన్న లాంచీలోకి దిగి అలివి వల బయటికి లాగాడు. అది ఒక్కడికి మోయరాని బరువు. ఓబులేసు, మరో ఇద్దరు చెయ్యి వేశారు. షెడ్డు గోడ సరిపోక అది నేల మీద దాకా జీరాడింది. ఆ సాయంత్రమే సొసైటీ తీర్మానం అయింది. డ్యాములో ఎవరు వల దించినా, సభ్యుడైనా కాకపోయినా, గంప ఒకటే. శివజ్యోతి మరుసటి రోజు వచ్చి వలను, లాంచీని స్వాధీనం చేసుకుని, అన్నమాట ప్రకారం కేసు పెట్టింది.

ఆ తర్వాత రోజులు మంచివని చెప్పలేం. లారీ రాలేదు. రాజశేఖర్ మనుషులు ఇల్లిల్లూ తిరిగి వలలు వెనక్కి తీసుకున్నారు. సొంత వలలున్న నలుగురైదుగురు అందరికీ వంతులు వేసుకుని ఇచ్చారు. ఆడవాళ్లు గంపలు ఆటోలో వేసుకుని కోడుమూరులో, ఎమ్మిగనూరులో వీధులు తిరిగి అమ్మారు. చేప మిగిలిపోయిన రోజున ఇంటికి వచ్చి భీమక్క గుమ్మం ముందే తిట్టినవాళ్లు ఉన్నారు. రెండు కుటుంబాలు విసిగి మంగళూరు సముద్రం మీద బోట్లలో పనికి వెళ్లిపోయాయి. కంబన్న కొడుకు ఉద్యోగం పోయింది. అతను పెద్దమ్మ భీమక్కతో మాట్లాడటం మానేశాడు. కంబన్న మాత్రం దాని గురించి ఒక్కమాట ఎత్తలేదు. ప్రెసిడెంటుగా ఇక ఉండనని చెప్పి, ఆ కుర్చీలో వదినను కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. వద్దని మొహమాటానికి కూడా అనలేదు.

వేసవిలో రాజశేఖర్ ఫోను చేశాడు. లారీ మళ్లీ పంపుతానని, గంప సంగతి కాస్త చూసీచూడనట్టు ఉండమని అడిగాడు. "లారీ పంపప్పా, రేటు బాగుంటే ఏస్తాం. గంప గంపే," అని ఆమె పెట్టేసింది. లారీ రాలేదు.

తొలకరికి ఎర్రవాగు పారింది. వలలు ఎత్తిపెట్టారు. ఎర్రటి నీళ్లు మొగ దగ్గర సుడి తిరిగి డ్యాములోకి దూకుతుంటే, ఆ ఉరవడికి ఎదురు పోతూ చేపలు కనబడ్డాయి. ఎన్నో లేవు. మునుపటి చేపలంత పెద్దవీ కావు. కానీ కడుపులు ఉబ్బి ఉన్నాయి. లోతు తక్కువైన చోట వీపులు బయటపడి, పొట్టలు రాళ్లకు రాసుకుంటూ పైకి పోతున్నాయి. అంజలి మోకాళ్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. చేత్తో తీసుకోవచ్చు వాటిని, అంత దగ్గర.

ఆ సంగతి వాగు పై ఊరివాళ్లకు కూడా తెలుసు. ఎనిమిది మంది దాకా కట్టెలు, దోమతెరలు పట్టుకుని గట్టు దిగి వచ్చారు. భీమక్క చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి, వాగుకు అడ్డంగా నిలబడింది. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. అంజలి వచ్చి పక్కన నిలబడింది.

"ఈడ పట్టేది లేదు నాయనా."

"మీ ఊరి కట్టుబాటు మాకేం సంబంధం పెద్దమ్మా? వాగు మా ఊరి మీద నుంచే వస్తాండాది," అన్నాడు ముందున్నవాడు.

"అవును, మీ ఊరి మీద నుంచే వస్తాండాది. అందుకే ఇవి మీ ఊరికి పోతాండాయి, గుడ్లు పెట్టేకి. పోనీండి. దిగివచ్చినాక మా సొసైటీలో చేరండి. మాతో పాటు మీకూ గంప ఉంటాది."

"చేరకుంటే?"

"చేరకుంటే లేదు."

వాళ్లు గట్టు మీదే చాలాసేపు నిలబడ్డారు. ఒకడు రాయి తీసి నీళ్లలోకి విసిరాడు, ఆమెకు దూరంగానే. ఇంకొకడు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆడమనుషుల మీదికి పోవడం వాళ్లకు ఇష్టం లేదు, వెనక్కి తిరగడమూ ఇష్టం లేదు. చివరికి ముందున్నవాడు దోమతెర చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"రేపు వస్తాం పెద్దమ్మా. రేపు కూడా నిలబడతావా?"

"రా నాయనా. వాగు పారినన్ని దినాలు నేను ఈడనే ఉంటా."